రచ్చ గెలిచిన రాణి

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఇతరుల సంగతి ఎట్లున్నను, తల్లుల విషయంలో ఈ సామెత తరచు తలక్రిందులగుచున్నది. రచ్చ గెలిచిన తల్లికి సైతం ఇంట గెలుపు దొరకదు. ఇంటిల్లిపాదికి వండి వడ్డించిన చేతికి, పిల్లల చదువు కోసం నగలు తీసి ఇచ్చిన మెడకు, ఇంటి ఆలోచనలలో మాత్రం చోటుండదు. విశాఖ రేవులో బరువులెత్తు కార్మికుని ఇంటనైనను, ఉక్కు కర్మాగారంలో పనిచేయు ఉద్యోగి ఇంటనైనను ఇది మనమెరుగని సంగతి కాదు. ఏదో ఒకనాడు ఆ తల్లి తన మాట తాను చెప్పుకొన్నచో, ఆమెకు ఇంత పెంకితనం ఎక్కడిదని ఇంటివారే ఆశ్చర్యపడుదురు. రాజకుటుంబాలలోనైనను సంగతి ఇంతే. మూడు వందల యేండ్ల క్రిందట ఒక తెలుగు రాణి జీవితం దీనికి సాక్ష్యం.

మన విశాఖపట్టణం నుండి విద్యార్థులను దక్షిణదేశ యాత్రకు తీసుకొనిపోవు ఉపాధ్యాయులు మదురై నగరం చూపక మానరు. మీనాక్షి ఆలయం, తిరుమల నాయకుని మహలు చూచిన తరువాత గాంధీ స్మారక మ్యూజియం చూపుదురు. 1959వ సంవత్సరం ఏప్రిల్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన మ్యూజియం అది. మహాత్ముడు నేలకొరిగిన దినమున ధరించిన వస్త్రం రక్తపు మరకతో అక్కడ భద్రపరచబడి ఉన్నది. పిల్లలు దానిని చూచి మాట లేక బయటికి వత్తురు. ఆ భవనం మొదట ఎవరిదని అడుగువారు తక్కువ. దాని పేరు తముక్కం మహలు. అది రాణి మంగమ్మ విడిది అని ఆ ఊరివారు చెప్పుదురు. ఆ మంగమ్మ తెలుగు ఇంటి ఆడపడుచు.

తెలుగు పడతి మదురైకి రాణి యెట్లైనదో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. విజయనగర ప్రభువుల సేనాని నాగమ నాయకుని కుమారుడైన విశ్వనాథ నాయకుడు 1529వ సంవత్సర ప్రాంతమున అక్కడ నాయక రాజ్యాన్ని నెలకొల్పినాడు. ప్రజలు తమిళులు, ప్రభువులు తెలుగువారు. మన పూర్వులు మధుర అని పిలిచిన ఆ నగరంలోను, తంజావూరులోను తెలుగు కావ్యాలు, యక్షగానాలు, వచన గ్రంథాలు వెలసినవి. మధుర నాయకులలో ప్రఖ్యాతుడైన తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు పాలించినాడు. అతని మనుమడు చొక్కనాథ నాయకుడు చిన్న వయస్సుననే 1659లో సింహాసనమెక్కినాడు. రాజధానిని తిరుచిరాపల్లికి మార్చినాడు.

చొక్కనాథుని కొలువున తుపాకుల లింగమ నాయకుడనే సేనాని ఉండెడివాడు. మంగమ్మ అతని కుమార్తె. రాజు ఆమెను వివాహమాడినాడు. ఆమెకు కుమారుడు కలిగినాడు. అయినను పట్టపురాణి గౌరవం ఆమెకు చాలకాలం దక్కలేదని చరిత్రకారులు చెప్పుదురు. రాజు మనస్సు మరొకచోట ఉండుటయే దానికి కారణం. తంజావూరును ఏలుచున్న విజయరాఘవ నాయకుని కుమార్తెను చేపట్టవలెనని చొక్కనాథుడు కోరినాడు. విజయరాఘవుడు స్వయముగా కవి, పసుపులేటి రంగాజమ్మ వంటి విదుషిని ఆదరించిన రసికుడు. అతడు ఆ సంబంధాన్ని తిరస్కరించినాడు. ఆ అవమానం సహింపలేక చొక్కనాథుడు 1673లో తంజావూరుపై దండెత్తినాడు. వృద్ధుడైన విజయరాఘవుడు యుద్ధరంగంలో మరణించినాడు. శత్రువుల చేత చిక్కకుండ అంతఃపుర స్త్రీలు ప్రాణాలు విడిచినారు. కోరిన కన్య దక్కలేదు. గెలిచిన రాజ్యమైనను నిలువలేదు. రెండు మూడేండ్లలో తంజావూరు మహారాష్ట్రుల వశమైనది. తరువాత చొక్కనాథుడే కొంతకాలం తన సింహాసనం పోగొట్టుకొన్నాడు. మైసూరువారు, మహారాష్ట్రులు, రామనాథపురపు సేతుపతులు నలువైపుల నుండి రాజ్యాన్ని కొరుక్కొని తిన్నారు.

ఈ కాలమంతయు మంగమ్మ అంతఃపురంలో ఏమి తలచినదో వ్రాసిపెట్టిన వారు లేరు. ఒక్క సంగతి మాత్రం ఊహింపవచ్చును. భర్త మరొక స్త్రీ కోసం యుద్ధము చేయునపుడు ఆమె అయిదారేండ్ల బిడ్డకు తల్లి. ఆ బిడ్డకు దక్కవలసిన రాజ్యం తండ్రి చేతిలో తరిగిపోవుట కన్నులార చూచినది. చివరకు చొక్కనాథుడు ఆమెకు పట్టపురాణి స్థానమిచ్చినాడు. అప్పటికి ఆ పీఠం క్రింద మిగిలిన రాజ్యం కొంచెమే.

చొక్కనాథుడు 1682లో మరణించినాడు. కుమారుడు రంగకృష్ణ ముత్తు వీరప్పకు అప్పటికి పదునైదేండ్ల ప్రాయం. నాటి రాజకుటుంబాలలో భర్త చితిపై భార్య కాలిపోవుట గొప్ప ధర్మంగా ఎన్నబడుచుండెడిది. ఆ ఆచారం ఎంత బలమైనదో తెలియుటకు ఒక్క ఉదాహరణ చాలును. పొరుగున రామనాథపురంలో కిళవన్ సేతుపతి 1710లో మరణించినపుడు అతని భార్యలు నలుబది యేడుగురు చితికెక్కినారని నాటి జెసూట్ మతగురువు ఒకడు తన లేఖలో తెలిపినాడు. సహగమనాన్ని నిషేధించిన శాసనం ఆంగ్ల ప్రభుత్వపు ప్రాంతాలలో 1829లో గాని రాలేదు. అట్టి కాలంలో మంగమ్మ చితి వైపు పోలేదు. కుమారుడు చిన్నవాడు, రాజ్యం శిథిలమై ఉన్నది, తాను బ్రతికి ఉండవలెనని నిశ్చయించుకొన్నది. ఆమె తన కొరకు తాను నిలబడిన మొదటి ఘట్టమిది. కత్తి దూయలేదు, వాదములు చేయలేదు, చనిపోవుటకు మాత్రం ఒప్పుకొనలేదు. జీవితమంతయు చాలినంత ఆదరము చూపని భర్త వెంట మరణములోనైనను పోవలెనను లోకపు తీర్పును ఆమె కాదన్నది.

రంగకృష్ణుడు ధైర్యశాలి. అతనిని గూర్చి ఒక కథ దక్షిణదేశమంతట చెప్పుకొందురు. ఢిల్లీ చక్రవర్తి ఔరంగజేబు పాదరక్షను ఏనుగుపై ఊరేగించుచు, దానికి మ్రొక్కుమని సామంతులను ఆజ్ఞాపించుట మొగలాయిల మర్యాద. ఆ పాదరక్ష తిరుచిరాపల్లికి వచ్చినపుడు యువకుడైన రాజు దానిని తన కాలికి తొడుగుకొని, రెండవది ఎక్కడనని పరిహసించి, వచ్చిన వారిని తరిమివేసినాడట. ఇట్టి సాహసకృత్యాలు జనానికి ఇష్టం. కుమారుని వెనుక తల్లి యుండి రాజ్యాన్ని చక్కదిద్దినదనుట జనం అంతగా తలపరు. 1689లో మశూచి సోకి రంగకృష్ణుడు మరణించినాడు. ఆ వ్యాధికి టీకా కనిపెట్టబడుట మరి వందేండ్లకు పైబడిన మాట.

అప్పటికి అతని భార్య ముత్తమ్మ నిండు గర్భిణి. ఆమె భర్తతో పోవుదునని పట్టుబట్టినది. కడుపులోని బిడ్డ కోసం ఆగుమని అత్తగారు బ్రతిమాలి ఒప్పించినది. మగశిశువు పుట్టినాడు. కొద్ది దినాలకే ఆ బాలింత, కాపలా ఉన్నవారి కన్నుగప్పి, తన ప్రాణాలు తానే తీసికొన్నది. చితిని కాదని తాను బ్రతికి చూపిన మంగమ్మ, కోడలిని మాత్రం బ్రతికించుకొనలేకపోయినది. భర్త పోయినాడు, ఒక్క కొడుకు పోయినాడు, కోడలు పోయినది. ఆమె చేతిలో మిగిలినది నెలల పసికందు. అతడే విజయరంగ చొక్కనాథుడు. ఆ శిశువునకు పట్టము గట్టి, అతని పేర రాజ్యభారాన్ని తాను వహించినది. 1689 నుండి సుమారు పదునాఱేండ్లు మధుర రాజ్యానికి ఆమెయే దిక్కు.

ఆ కాలమెట్టిదో విద్యార్థులు గమనింపవలెను. ఔరంగజేబు సేనలు జుల్ఫికర్ ఖానుని ఆధిపత్యమున సెంజి కోటను 1690 నుండి 1698 వరకు ముట్టడించి యున్నవి. ఆ సేన తిరుచిరాపల్లిపై పడిన నిలువ శక్యము కాదు. మంగమ్మ కుమారుని వలె పాదరక్షతో పరిహాసమాడలేదు. 1693లో మొగలాయిలకు కప్పం చెల్లించినది. దీనిని పిరికితనమనువారు ఉండవచ్చును. కాని మొగలు సేన పంటచేలు తొక్కకుండ కాపాడుకొన్న రైతులు అట్లనుకొని యుండరు. కప్పం కట్టి కొనుక్కొన్న ఆ శాంతితోనే ఆమె పోగొట్టుకొన్న ప్రాంతాలను కొన్నిటిని తిరిగి సంపాదించినది. తిరువాన్కూరు ప్రభువు కప్పం ఎగవేసినపుడు 1697లో దళవాయి నరసప్పయ్యను సేనతో పంపి రాబట్టినది. తంజావూరు మహారాష్ట్రులు సరిహద్దులలో దోపిడి చేసినపుడు అదే దళవాయి కొల్లడం నది దాటి వారిని శిక్షించినాడు. తంజావూరి మంత్రి ధనమిచ్చి సంధి చేసికొన్నాడు.

ఇంతలో మరొక చిక్కు వచ్చినది. మైసూరు ప్రభువు చిక్కదేవరాయడు కావేరికి అడ్డకట్ట వేసినాడు. క్రింది సీమలో నీరు రాక మధుర, తంజావూరు రైతులు తల్లడిల్లినారు. అప్పుడు మంగమ్మ చేసిన పని గమనింపదగినది. నిన్నటి వరకు పోరాడిన తంజావూరివారితో చేయి కలిపినది. ఇరువురి సేనలు మైసూరుపై నడువ సిద్ధపడినవి. అదృష్టవశమున వరదలు వచ్చి ఆ కట్టను తెంచివేసినవి. రక్తపాతం తప్పినది. ఒకనాడు భర్త అహంకారం కొరకు ధ్వంసమైన తంజావూరితో, నీటి కొరకు, అన్నము కొరకు ఆమె స్నేహం కుదుర్చుకొన్నది. ఇంటిని నడిపిన స్త్రీకి పంతము కంటె పంట ముఖ్యమని తెలియును గదా.

ఆమె చేసిన పనులన్నియు ఫలించినవని చెప్పుట సత్యము కాదు. 1702లో రామనాథపురపు కిళవన్ సేతుపతిపైకి సేనను పంపినది. ఆ యుద్ధంలో మధుర సేన ఓడిపోయినది. ఆమె కుడిభుజమైన నరసప్పయ్య మరణించినాడు. సేతుపతి స్వతంత్రుడైనాడు. ఆమె పాలనలో పెద్ద దెబ్బ అదియే.

కాని జనానికి గుర్తున్నది యుద్ధములు కావు. మంగమ్మ పేరు నేటికీ తమిళదేశంలో బాటలతో, చెట్లతో, సత్రములతో ముడిపడి ఉన్నది. మధుర నుండి కన్యాకుమారి వైపు పోవు మార్గం మంగమ్మ బాట అనిపించుకొన్నది. బాటల వెంట నీడనిచ్చు చెట్లు, నడుమ నడుమ చలిపందిళ్లు, బాటసారులకు అన్నం పెట్టు సత్రాలు ఆమె ఏర్పరచినది. మదురై రైల్వేస్టేషన్ ఎదుట ఆమె పేరి సత్రం ఉన్నది. ఈ దానధర్మాలను గూర్చి ఒక జనశ్రుతి కలదు. ఒకనాడు ఏమరపాటున ఎడమ చేతితో తాంబూలం అందుకొన్నదట. ఆ దోషం పోవుటకై ఇన్ని సత్రాలు, బాటలు కట్టించినదట. మగరాజు బాటలు వేయించినచో దూరదృష్టి అందురు, స్త్రీ వేయించినచో ఏదో ప్రాయశ్చిత్తమై ఉండవలెనను ఆలోచన ఈ కథ వెనుక లేకపోలేదు. మంచిపని చేసినందుకు కూడ తప్పు చేసినదని చెప్పవలసి వచ్చినది.

మతముల విషయంలోను ఆమె సమదృష్టి చూపినది. మీనాక్షీ దేవికి నగలు, ఉత్సవాలు సమర్పించిన ఆమె దర్గాలకు మాన్యములిచ్చినది. క్రైస్తవ మతగురువులను తన కొలువున గౌరవించినది. సేతుపతి చెరపట్టిన ఒక పాదరీని విడిపించుటకు పూనుకొన్నది.

ఇంతవరకు రచ్చ గెలుపు. ఇక ఇంటి సంగతి.

మనుమడు విజయరంగ చొక్కనాథుడు పెరిగి పెద్దవాడైనాడు. 1704, 1705 ప్రాంతమునకు అతనికి పదునైదేండ్లు నిండినవి. రాజ్యం అప్పగింపవలెనని అతని చుట్టు చేరినవారు తొందరపెట్టినారు. మంగమ్మ వెంటనే అప్పగింపలేదు. ఆమె మంత్రి అచ్చయ్యకు, ఆమెకు ముడిపెట్టి నీలాపనిందలు ప్రచారంలోనికి వచ్చినవి. అధికారం గల వితంతువును దించుటకు ఇంతకంటె సులువైన ఆయుధం ఏకాలంలోను లేదు. తరువాత జరిగినది మధుర ప్రజలు తరతరాలుగా ఇట్లు చెప్పుకొందురు. మనుమని పక్షమువారు ఆమెను ఆమె మహలులోనే బంధించినారు. ఆహారమును ఆమె కన్నులకు కనబడునట్లు, వాసన తగులునట్లు, చేతికి మాత్రం అందకుండునట్లు ఉంచినారు. అట్లు ఆకలితో ఆమె మరణించినది. ఊరూర సత్రాలు కట్టించి బాటసారులకు అన్నం పెట్టిన తల్లి తన ఇంట అన్నము లేక చనిపోయినదని ఆ కథ సారాంశం. చరిత్రకారులందరు దీనిని యథార్థంగా అంగీకరింపలేదు. కాని ఇట్టి కథ పుట్టుటయే ఒక సాక్ష్యం. ఆమెకు ఇంటివారి వలన అన్యాయం జరిగినదని ప్రజలు గట్టిగా నమ్మినారు.

ఇక్కడ మనము న్యాయంగా ఆలోచింపవలెను. మంగమ్మ రాజ్యం విడువకపోవుట తప్పా, ఒప్పా? మనుమడు వయస్సు వచ్చినవాడు, రాజ్యం అతని పేరనే నడచినది. ధర్మశాస్త్రము ప్రకారం అతనిదే హక్కు. ఆమె ముందుగానే అతనిని రాజకార్యాలలో తీర్చిదిద్ది యుండవలసినదని అనవచ్చును. బిడ్డలను పెంచు పెద్దలు పగ్గాలు ఎప్పుడు విడువవలెనో తెలియక పొరబడుట కద్దు. ఈ లోపం ఆమెలో లేదని నేను వాదింపను. కాని మరొకవైపు చూడవలెను. పసికందును ఎత్తుకొని, శిథిలరాజ్యాన్ని నిలబెట్టి, పదునాఱేండ్లు కాచిన ఆమెను పిలిచి ఆలోచన చెప్పుమని అడిగినవారు లేరు. ఆమె సేవను గుర్తించి, గౌరవంగా విశ్రాంతినిచ్చి, పెద్దరికం నిలిపి యున్నచో ఆమె అడ్డుపడి యుండెడిదా? ఇంటివారు ఆమెను రెండే స్థానాలలో చూడగలిగినారు. పనిచేసిపెట్టు చేయిగా ఉండవలెను, లేదా తొలగిపోవలెను. ఈ రెండును కాక తాను ఒక మనిషిననునది ఆమె చూపదలచిన మూడవ దారి.

మంగమ్మ పోయిన తరువాత జరిగిన చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానమిచ్చును. విజయరంగ చొక్కనాథుడు 1732 వరకు పాలించినాడు. భక్తుడు, దాత, తెలుగు వచనములో శ్రీరంగ మాహాత్మ్యము రచించిన గ్రంథకర్త. మన భాషకు అతడు చేసిన మేలు మరువరానిది. కాని రాజ్యపాలన అతని చేతిలో సడలిపోయినది. అతనికి సంతానం లేదు. అతని మరణానంతరం భార్య మీనాక్షి రాణియై ఒక బాలుని దత్తు చేసికొని పాలింపబోయినది. ఆమె దగ్గర మంగమ్మ నేర్పు లేదు, ఆ నేర్పును ఆమెకు అందించువారును లేరు. కొద్ది సంవత్సరాలలోనే చందా సాహెబు మోసానికి గురియై ఆమె ప్రాణాలు కోల్పోయినది. రెండు వందల యేండ్ల తెలుగు నాయక రాజ్యం అంతటితో ముగిసినది. ఇంటి పెద్దామెను అవమానించిన ఇల్లు, ఆమెకు తెలిసిన విద్యను కూడ ఆమెతోనే పూడ్చివేసికొన్నది.

ఇక మదురై యాత్రకు పోవు ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీనాక్షి ఆలయంలో స్వర్ణపద్మ పుష్కరిణి ఒడ్డున ఊయల మండపం కలదు. దాని పైకప్పు చిత్రాలలో మంగమ్మ రూపం కనిపించును. పిల్లలను అక్కడ ఒక్క నిమిషం ఆపి, ఆమె ఎవరో చెప్పవలెను. పాఠ్యపుస్తకంలో రుద్రమదేవికి దొరికినంత చోటు ఈమెకు దొరకలేదు. రుద్రమ తండ్రి ఇచ్చిన రాజ్యమేలినది. మంగమ్మకు ఎవరును ఏమియు ఇవ్వలేదు. భర్త ఆలస్యంగా పీఠమిచ్చినాడు, లోకం చితి చూపినది, కుమారుడు పసిబిడ్డను మిగిల్చినాడు, మనుమడు కృతజ్ఞత మరచినాడు. మిగిలినదంతయు ఆమె తన సత్తువతో తెచ్చుకొన్నదే.

ఆ యాత్ర ముగించుకొని పిల్లలు విశాఖకు తిరిగివచ్చిన రాత్రి, ఏ వేళకు వచ్చినను, ఇంట తల్లి మేలుకొని ఉండును. అన్నం వేడిచేసి వడ్డించును. అప్పుడు పిల్లవాడు మదురైలో ఏమి చూచినాడో ఆమెకు చెప్పునా, చెప్పిన తరువాత ఆమెకు తోచినదేమని అడుగునా అనునదే అసలు పరీక్ష. మంగమ్మ కథ నేర్చినవాడు ఆ ప్రశ్న అడుగక మానరాదు.